అసిరయ్య మరల కడలి కేగుట

ఆశ్వయుజ మాసమున నొకనాఁటి యపరాహ్ణము. దూరసాగరగర్భమునఁ బుట్టి తీరము చేరకయే యడఁగిపోయిన వాయుగుండము పంపిన మహాతరంగములు మూఁడు దినములు భీమునిపట్టణ ప్రాంతపు టిసుకతిన్నెల నదరఁగొట్టి నాలవనాఁడు రణభూమినుండి మరలు గజయూథమువలె మందగమనమున వచ్చుచు నడుమనడుమ మాత్రమే ఘీంకరించుచుండెను. సరుగుడుతోఁపుల నీడలు కడలివైపునకు సాఁగుచుండెను. అపరాహ్ణాతపము సోఁకిన నురుగు పండిన వరిచేనివలెఁ బచ్చగా మెఱయుచుండెను.

ఆ తీరమున సూరాడ అసిరయ్య యను వృద్ధజాలరి నిలుచుండెను. నలువదియేండ్లు తెప్పపై మోఁకరిల్లి తెడ్డు వేసిన యాతని మోఁకాళ్లు రెండేండ్ల క్రిందట బిగిసి మడువరాకపోయెను. అది మొద లాతఁడు వలలల్లుచుఁ గాలము పుచ్చుచుండెనే కాని యెవ్వరితోను సముద్రము మాట యెత్తఁడయ్యెను. ఆతని యేకపుత్రిక కాసులమ్మ నగరమునుండి వచ్చువారికి వెడల్పాటి పలకపై నిలుచుండి తెడ్డు వేయుచుఁ గెరటముల నెక్కు విద్య నేర్పి జీవించుచుండెను. తండ్రి దానిని పిల్లలాటగాఁ దలఁచి యేనాఁడును గన్నెత్తి చూచినవాఁడు కాఁడు.

నాఁ డామె రెండు పలకలను నీటియంచునకుఁ దెచ్చి తండ్రియెదుట నిలిచెను.

"అయ్యా, దీని మీద కూకోనక్కర్నేదు. మోకాళ్లు ముడవనక్కర్నేదు. ఒక్కపాలి రా."

"ముసిలోడితోటి ఏటే నీ ఎకసెక్కాలు!" అని కసరినను వృద్ధుని చూపు పలకను వీడదయ్యెను. దానిని చేతఁ దట్టి చూచి యడిగెను: "నిలబడితే సాలా?"

"సాలు."

నడుములోఁతు నీటఁ గూఁతురు పలకను బిగియఁబట్టఁగా నాతఁ డామె భుజ మూఁతగాఁ గొని యతికష్టమున నెక్కెను. ఒకమాఱు పడెను. మరల నెక్కెను. కెరటములు విఱుగు చోటు దాఁటి నిర్మలనీలజలమునఁ జేరినపుడు తెడ్డుపిడి నెఱిఁగిన చేతులు తమంతఁ దామే యాడఁజొచ్చెను. ఉప్పుగాలి యెదకుఁ దగిలినది. కూఁతురు చూడకుండ నాతఁడు మొగము త్రిప్పుకొని కన్నులు తుడుచుకొనెను.

అంతలో దిగంతమున నొక నల్లనిగీఱ యాతని కంటఁబడెను.

"బయిటికి తొయ్యే! మూడు కెరటాలొస్తన్నాయి."

"సల్లబడిపోనాది కదా అయ్యా!"

"తొయ్యమంటంటే!"

మొదటిదానిని వారిరువురు దాఁటిరి. రెండవది పర్వతాకారమున లేచుట గని యౌవనోత్సాహమునఁ గాసులమ్మ పలకను మరలించి దానిపై కెక్కెను. ఆ కెరటము క్షణమాత్రము గోడవలె నిలిచి యొక్కుమ్మడిఁ గూలెను. పలక యాకసమున కెగిరెను. ఆమె తల కనఁబడదయ్యెను.

రెండవదానిని దాఁటి నిలిచిన యసిరయ్య యామె మునిఁగిన చోటునే చూచెను. ఆమెను జేరుటకుఁ దెడ్డు చాలదు. కెరట మొక్కటే చాలును. వెనుక వచ్చుచున్న మూఁడవదాని యెత్తును వెన్నుతోనే గ్రహించి పలకను ద్రిప్పి తెడ్డుతో మూఁడు పోటులు పొడిచెను. కెరట మాతని నెత్తుకొనెను. అఱువదియేండ్ల యా దేహము నిటారుగా నిలిచి ధవళఫేనమధ్యమున బాణమువలె దూసికొని పోయెను.

నడుమ దారిలోఁ గాసులమ్మ ఉప్పునీరు గ్రక్కుచు నీటిపైకిఁ దేలెను. కాలికిఁ గట్టిన త్రాడు పలక నామె చెంతకే లాగి తెచ్చెను. తన్నుఁ దాను మఱచి యామె తండ్రినే చూచెను.

"అయ్యా! అలాగే ఉండు, ఒంగకు!"

ఆతఁడు చెంతకు రాఁగానే నీటిలోనికి జాఱి యామె జుట్టును వీపును దడవిచూచెను.

"దాన్నెందుకెక్కినావే?"

"పెద్దది కదా అని."

"పెద్దదాన్ని పోనియ్యాల. దానెనకాలొచ్చేదే ఒడ్డుకి మోస్తాది."

కాసులమ్మ పకపక నవ్వెను. ఆతఁడు నవ్వలేదు. తేలుచున్న తన పలకను లాగి దాని యంచు నామె చేతికిచ్చి "పట్టుకో, మళ్లీ ఎక్కుతాను" అనెను.

దీపస్తంభము వెలిఁగిన పిదపఁ గాని యా యిరువురు తీరమునకు రాలేదు. ప్రాయమున నరుఁడు కడలిని గెలువఁగోరును. ప్రాయము మళ్లిన పిదప నది తన్ను మోయుటకు సమ్మతించినఁ జాలునని సంతసించును. ఉద్ధృతి యుడిగి యూపిరి తీయుచున్న యా జలరాశి యా సాయంతనమున వృద్ధునిని యౌవనవతిని గూడ నొక్కతీరుననే మోచుచుండెను.