ఇసుక మూటకు గడి లేదు

ఇనుప గుండు విసిరే పిల్లకు ఎంపిక పోటీలు మూడు వారాలున్నాయనగా, శిక్షణ కేంద్రానికి కొత్త సలహాదారుగారు వేంచేశారు. ఆయన జన్మలో ఎత్తిన బరువేదైనా ఉందంటే అది తన చదువే. వచ్చిన నాలుగో రోజునే బరువుల గది గోడకు మంచమంత చార్టు బిగించారు. బలం పెంచే పద్ధతులన్నీ అందులో ఆరు గడులు. ఎత్తగలిగినంత బరువు ఒకటి రెండుసార్లు ఎత్తడం ఒక గడి, ఓ మోస్తరు బరువు ఒళ్లు సోలేదాకా ఎత్తడం ఇంకోటి, తేలికది వేగంగా ఎత్తడం, కదలకుండా పట్టి నిలబడడం, మెల్లగా దించడం, గెంతడం. ఒక వ్యాయామానికి ఒకే గడి. గడి దొరకని వ్యాయామం బంద్.

చిక్కంతా ఇసుక మూట దగ్గర వచ్చింది. అది అక్కడి కోచ్ సొంతంగా కనిపెట్టింది. ఆ గుండు విసిరే పిల్ల ఆయన మేనకోడలే. మూటను గుండెకు హత్తుకుని గ్యాలరీ మెట్లెక్కేది, పైన కాసేపు బిగబట్టి నిలబడేది, దిగొచ్చి మూటను విసిరికొట్టి ఆ ఊపులోనే గుండు అందుకునేది. ఆర్నెల్లలో ఆమె విసురు బారెడు పెరిగింది.

పెరిగితే ఎవరిక్కావాలి? ఎక్కేటప్పుడు రెండో గడి, నిలబడితే నాలుగు, విసిరితే మూడు అన్నారు సలహాదారు. పైగా లోపల ఇసుక కదులుతోంది, దాన్ని బరువనాలా వద్దా? కమిటీ రెండుసార్లు కూర్చుంది. మూటను బల్ల మీద పెట్టించి చుట్టూ తిరిగారు, ఒకాయన వేలితో పొడిచి కూడా చూశాడు. సలహాదారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఏ గడో తేలేదాకా మూట ముట్టొద్దన్నారు. కోచ్‌కేమైనా అభ్యంతరమా అని మర్యాదగా అడిగారు కూడా.

ఉంది, బోలెడుంది. కానీ పెద్ద కోచ్ కుర్చీ ఖాళీగా ఉంది, దానికి పేరు రాసి పంపేది ఈ మహానుభావుడే.

"మీరెలా అంటే అలాగే సార్," అన్నాడు.

మేనకోడలికి మాత్రం శాస్త్రం శాస్త్రమేనని నచ్చజెప్పాడు. ఆమె పోటీల దాకా ఏ గడికా గడి బుద్ధిగా చేసింది. మధ్యలో ఒకసారి, బలం ఒంట్లోనే ఉండిపోతోంది, గుండులోకి వెళ్లడం లేదని మొత్తుకుంది. సర్దుకుంటుందిలే అన్నాడు. అలా అన్న రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

పోటీలో గుండు ఎంపిక గీతకు జానెడు ఇవతల పడింది. జట్టు జాబితాలో ఆమె పేరు లేదు.

మర్నాడు సలహాదారు వెలిగిపోతూ వచ్చారు. ఇసుక మూట కోసం ఏడో గడి మంజూరైందట, అంతా కోచ్ సహకారం వల్లనేనట, పై వాళ్లకు ఆ మాటే రాశారట. కోచ్ చేతులు నలుపుకుంటూ నవ్వాడు. సలహాదారు అటు వెళ్లగానే, బూట్లు సంచిలో సర్దుకుంటున్న మేనకోడలి దగ్గరికొచ్చి పళ్లు పటపటలాడించాడు.

"ఆ ముదనష్టపు మనిషే నిన్ను ముంచాడమ్మా."

ఆమె సంచి మూతి బిగించి భుజాన వేసుకుంది.

"ఆయనకి తెలీదు మావయ్యా," అంది. "నీకు తెలుసు."