బాలింత కోసం కొన్న ఏసీ

నరసింగరావు ఏసీ కొన్నది కూతురి కోసమే. ఈ మాట నౌపడలో అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా ఆయనే చెప్పాడు. నడివేసవిలో పురుడు వచ్చింది. పిల్లేమో అరసవల్లిలో అత్తవారింట ఏసీకి అలవాటుపడింది. పుట్టింటికి వచ్చి ఉక్కలో ఉడికిపోతే అల్లుడి ముందు తలెత్తుకోగలమా అని ఆయన బాధ. అంత ప్రేమగా కొన్న ఏసీ ఇప్పుడు హాల్లో నిక్షేపంగా నడుస్తోంది. ఎవరి కోసం కొన్నాడో ఆ సుహాసిని మాత్రం పక్క గదిలో, తలుపులూ కిటికీలూ బిగించిన చీకట్లో, నెత్తికి గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టించుకుని చెమటలు కక్కుతోంది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. సుహాసినికి ఒళ్ళు మండేది కూడా అందుకే. ఏసీ బిగించడానికి వచ్చినవాడు ఏ గదిలో పెట్టమంటారని అడిగినప్పుడు నరసింగరావు కూతురి గదే చూపించబోయాడు. ఆయన తల్లి బుల్లమ్మ అడ్డుపడింది. బాలింతకి ఫ్యాను గాలే పనికిరాదు, ఇక ఈ మంచుగాలి తగిలితే వాతం కమ్మేస్తుందంది. పసిదానికి రొంప చేస్తుందంది. రేపు పిల్ల నడివయసులో కీళ్ళు పట్టుకుని కూర్చుంటే అత్తవారు ఎవరిని తిడతారో చెప్పమంది. నరసింగరావు కాసేపు బుర్ర గోక్కుని, చూడ్డానికి వచ్చేవాళ్ళు కూర్చునేది ఎలాగూ హాల్లోనే కదా, అక్కడే పెట్టెయ్యమన్నాడు. బుల్లమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన సంచిలో తెల్ల ప్లాస్టరు చుట్ట ఉంటే ఓ ముక్క చింపి, గదిలో ఫ్యాను స్విచ్చి మీద అడ్డంగా అంటించింది.

గదికీ హాలుకీ మధ్య తలుపు విషయంలో మాత్రం ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట. చల్లగాలి లోపలికి వచ్చి బాలింతకి తగలకూడదని బుల్లమ్మ మూస్తుంది. హాల్లో చల్లదనం గదిలోకి పోయి దండగవకూడదని మిగతావాళ్ళు మూస్తారు. 

అసలు ఆ ఊరి వేడే వేరు. ఉత్త ఎండైతే నీడకి పోయి బతకొచ్చు. ఇక్కడ గాలిలోనే సముద్రం ఉంటుంది. పొద్దున ఉతికిన గుడ్డ రాత్రికి కూడా చెమ్మగానే ఉంటుంది, ఒంటి మీద చెమట తుడిచినకొద్దీ పుడుతూనే ఉంటుంది. నరసింగరావుకి పొలంతో పాటు ఉప్పు మళ్ళలో కూడా వాటా ఉంది. ఎండ బాగా కాస్తోంది, ఈ ఏడు ఉప్పు బ్రహ్మాండంగా పడుతోందని ఆయన రోజూ సంబరపడుతూ ఇంటికి వస్తాడు. తలుపు అవతల నుంచి ఆ మాట వినబడినప్పుడల్లా సుహాసినికి ఏదో ఒకటి తీసి గోడకి కొట్టాలనిపించేది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి మరీ ఘోరం. గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి, పాప అచ్చం తండ్రి పోలికేనని ఒక ముక్క అని, ఈ గదిలో ఊపిరాడటం లేదని ఇంకో ముక్క అని, హాల్లోకి పోయి సాయంత్రం దాకా కదలరు. పక్కింటి రాజకుమారి తమ ఇంటి గోరుచిక్కుళ్ళు కూడా ఇక్కడికే తెచ్చుకుని ఒలుచుకుంటోంది. పెదనాన్న దాలయ్య అన్నం తిని చెయ్యి కడుక్కోగానే వచ్చి దివాను మీద నడుం వాలుస్తాడు. చల్లగా ఉంటే నిద్ర ఎంత బాగా పడుతుందో లేచాక వివరంగా చెబుతాడు కూడా.

మొగుడు త్రినాథ్ మీద కొంత ఆశ పెట్టుకుంది సుహాసిని. అతను సెలవుపూట వస్తాడు. వచ్చినవాడికి తన బాధంతా వెళ్ళబోసుకుంటే, పెద్దవాళ్ళు మన మంచికే చెబుతారు, కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. మ్యాచ్ మొదలైనట్టుందని హాల్లోకి జారుకున్నాడు.

వీళ్ళందరి కన్నా తల్లి తాయారు మీద ఎక్కువ కోపం సుహాసినికి. ఆవిడ అత్తమాటకి ఎదురు చెప్పి ఎరగదు. వేన్నీళ్ళు కాచి ఒళ్ళు కాలేలా పోస్తుంది, సాంబ్రాణి పొగ వేస్తుంది, కుంపట్లో బొగ్గులు మారుస్తుంది, కారప్పొడి కలిపిన అన్నం పెడుతుంది. ఫ్యాను మాటెత్తితే మీ నానమ్మ ఊరుకోదమ్మా అని గబగబా వెళ్ళిపోతుంది. పోయి అందరితో పాటు చల్లగా కూర్చుంటుంది కాబోలు, ఆవిడకేం తెలుస్తుంది నా బాధ అని సుహాసిని పళ్ళు నూరుకునేది. కన్నతల్లే పట్టించుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలని ఒక్కోసారి ఏడుపు కూడా వచ్చేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పాప పాలు తాగడం మానేసింది. రొమ్ము అందిస్తే మొహం తిప్పుకుని ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఒళ్ళు పెనంలా ఉంది. సుహాసిని కేక వేస్తే బుల్లమ్మ వచ్చి, కడుపునొప్పి అయి ఉంటుందని వస అరగదీసి నాకించి, పాపకి ఇంకో గుడ్డ చుట్టి, తలుపు మూసి వెళ్ళింది. తలుపు మూసిన మరుక్షణం మ్యాచ్‌లో ఎవరో సిక్సర్ కొట్టినట్టున్నారు, హాల్లో అందరూ ఒకేసారి గోల చేశారు. ఆ గోలతో సుహాసినిలో మిగిలిన కాస్త ఓపికా తెగిపోయింది.

ఆమె పాపకి చుట్టిన గుడ్డలు ఒక్కొక్కటే విప్పింది. మెడ మడతల్లో, చంకల్లో, వీపు నిండా ఎర్రగా చెమటకాయలు. తన చెవుల్లో దూది పీకి కింద పారేసి, పాపని ఎత్తుకుని, కాలితో తలుపు తోసింది.

హాల్లోని చల్లదనం మొహానికి తగలగానే ఆమెకి కళ్ళు తిరిగినంత పనైంది. ఇంత దగ్గర్లో, ఒక్క గోడకి అవతల ఇంత హాయి ఉందా అని కడుపు రగిలిపోయింది. అందరూ తల తిప్పి చూశారు. బుల్లమ్మ నేల మీద నుంచి సగం లేచింది.

"గాలి తగుల్తాదే పిల్లా. లోపలికి ఎల్లు."

సుహాసిని ఆవిడ వంక చూడలేదు. తండ్రి ముందుకు వెళ్ళి నిలబడింది.

"నానా, ఈ ఏసీ ఎవల కోసరం కొన్నావు?"

"నీ కోసరమే కదమ్మా" అన్నాడు నరసింగరావు, అదేం ప్రశ్న అన్నట్టు. "ఊరందరికీ అదే సెప్తన్నాను."

"అయితే మీరందరూ బయటికి నడండి."

త్రినాథ్ నవ్వబోయాడు. పెళ్ళాం మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు. సుహాసిని పెదనాన్నని లేపి, ఆ దివాను మీద పాపని బోర్లా పడుకోబెట్టింది. ఆ వీపు చూసి రాజకుమారి చప్పుడు చేయకుండా గోరుచిక్కుళ్ళ చేట తీసుకుని బయటికి నడిచింది. వెనకే దాలయ్య, ఆ వెనక నరసింగరావు. బుల్లమ్మ మాత్రం వంగి పాప వీపు చేత్తో తడిమి చూసింది. ఆవిడ ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని, అంటే దేనికీ వెనకాడకూడదని సుహాసిని గుండె చిక్కబట్టుకుంది. ముసలావిడ త్రినాథ్‌ని లెమ్మని చేత్తో సైగ చేసి, నెత్తి గుడ్డ మాత్రం తియ్యవద్దని మనవరాలికి చెప్పి, మోకాళ్ళు పట్టుకుని బయటికి వెళ్ళింది.

కాసేపటికి పాప ఏడుపు ఆపింది. ఇంకాసేపటికి పాలు తాగింది, గుటకలు వినబడేంత ఆత్రంగా. సుహాసిని గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. గెలిచానన్న సంతోషం రావాలి, కానీ ఇంకా ఎవరి మీదో కోపం మిగిలిపోయినట్టే ఉంది. ఎవరి మీదా అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది, ఇందాక వెళ్ళినవాళ్ళలో అమ్మ లేదు.

వంటింటి వైపు తిరిగి పిలిచింది. తాయారు వచ్చింది, పట్టకారుతో కుంపట్లోకి నిప్పులు పట్టుకుని. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది, మొహం పొయ్యి సెగకి కందిపోయి ఉంది. తలుపు కాస్తే తెరిచి, సందులోంచే మాట్లాడింది.

"ఏటమ్మా, వేగిరం సెప్పు. తలుపు తీస్తే సల్లదనం పోతాది."

"ఆ నిప్పులు అక్కడ పడేసి లోపలికి రా అమ్మా."

"పనుందే."

"రా."

తాయారు పట్టకారు గుమ్మం అవతల పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి, పరాయివాళ్ళ ఇంట్లోకి వచ్చినదానిలా ఆగిపోయింది. ఏసీ వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"ఇంత సల్లగుంటాదా ఇది?" అంది.

ఏసీ వచ్చిన రోజు నుంచీ ఈ ఇంట్లో దాని చల్లదనం ఎరగని మనుషులు ఇద్దరున్నారు, సుహాసిని లెక్కపెట్టుకున్నది ఒక్కరినే. ఇన్నాళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని తల్లిని దివాను పక్కన కింద కూర్చోబెట్టింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం కూర్చుని లేచిపోతాను, పొయ్యి మీద ఎసరుందని తాయారు చెబుతూనే దివాను కోడుకి తల ఆనించింది. ఆ మాట మధ్యలోనే నిద్రపోయింది.

కాసేపటికి వీధి అరుగు మీద నుంచి నరసింగరావు గొంతు వినిపించింది. అల్లుడికి టీ పెట్టమని తాయారుని కేకేస్తున్నాడు. బయట ఉక్క చంపేస్తోందని కూడా అంటున్నాడు. రెండో కేకకి తాయారు నిద్రలోనే ఉలిక్కిపడి చెయ్యి నేలకి ఆనించబోయింది. సుహాసిని ఆ చెయ్యి పట్టుకుని ఆపి, లేచి వీధి తలుపు ఓరగా తెరిచింది.

"పొయ్యి ఎలుగుతూనే ఉన్నాది నానా. ఎవలో ఒకలు పెరటి దారిన ఎల్లి పెట్టుకోండి" అని తలుపు మూసి గడియ వేసింది.