రాయి వెనక వైపు

అసాహెల్ బ్రాక్‌వేని ఎరగనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఊరి పేరే బ్రాక్‌వే రేవు. అమెరికాలో వాబాష్ నది ఒడ్డున మొదటి గుడిసె వేసిందీ, మొదటి అంగడి తెరిచిందీ ఆయనేనని అందరూ చెప్పుకుంటారు. ఏటా ఆగస్టులో, తొలినాళ్లలో వచ్చి స్థిరపడ్డవాళ్లకి విందు పెడతారు. కోడివేపుడు తినిపించి, ఆయన్ని బల్ల ఎక్కించి అదే కథ చెప్పిస్తారు. "నదిని చూశాను, ఇక్కడో ఊరు లేస్తుందని అప్పుడే తెలిసిపోయింది" అంటాడాయన. జనం చప్పట్లు కొడతారు. ఇరవై ఏళ్లుగా చెప్పీ చెప్పీ ఆయనకి విసుగెత్తిపోయింది. పైగా అది పచ్చి అబద్ధం.

ఈసారి ఆ కథనే రాతి మీద చెక్కించి ఊరి నడిమధ్య పాతబోతున్నారు. విందు రేపనగా, పొద్దున్నే కూతురు లొవీనా చేత గుర్రబ్బండి కట్టించుకుని రాళ్లు చెక్కే టోబియాస్ దగ్గరికి వెళ్లాడు. ఎనభై రెండేళ్లు, పట్టేసిన మోకాళ్లు. బండి దిగేసరికే ప్రాణం సగం పోయింది.

"రండి పెద్దాయనా, మీ పేరు ఎంత బాగా కుదిరిందో చూడండి" అన్నాడు టోబియాస్. "కింద 'ఈ చోటు ఎంచుకున్నవాడు' అని కూడా చెక్కేశా."

"ఎంచుకున్నది నేను కాదయ్యా."

"మరెవరు, మీ ఎద్దులా?"

"మా ఆవిడ, మెహిటబెల్."

టోబియాస్ నవ్వు ఆపి ఉలి కింద పెట్టాడు. ముసలాయన రాతి దిమ్మ మీద కూలబడి, యాభై ఒక్కేళ్లుగా ఎవరితోనూ అనని మాట చెప్పాడు. వాళ్లు బయల్దేరింది ఇల్లినాయి మైదానాలకి. దారిలో ఈ రేవు దగ్గర బిడ్డ పుట్టాడు. తొమ్మిదో రోజున చలిజ్వరం వచ్చి పోయాడు. పూడ్చిపెట్టిన మర్నాడు బండి ఎక్కమంటే ఆవిడ ఎక్కలేదు. బతిమాలాడు, అరిచాడు. చివరికి ఆవిణ్ణీ బండినీ అక్కడే వదిలి గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

"వెళ్లిపోయారా?"

"వెళ్లిపోయా. రెండ్రోజులకి సిగ్గేసి తిరిగొచ్చా. వచ్చేసరికి బండి వెనక పలక దింపి, ఎవరో వేటగాడికి ఉప్పు కొలిచిచ్చి జింక తోలు పుచ్చుకుంటోంది. అంగడి తెరిచింది ఆవిడ. నేనొచ్చి అందులో నించున్నానంతే."

"నాన్నా, ఇదంతా మాకెప్పుడూ చెప్పలేదేం?" అంది లొవీనా.

"చెప్పే మొహమా నాది?"

తను పోయేలోగా ఆవిడ పేరూ బిడ్డ పేరూ ఆ రాతి మీదకి ఎక్కాలి. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.

టోబియాస్ తల గోక్కున్నాడు. "ముందువైపు వేలెడు చోటు లేదు. వెనక చెక్కొచ్చు గానీ, అటు గుర్రాలశాల. ఎవరూ చూడరు."

"చాలు. చెక్కు."

టోబియాస్ బొగ్గుముక్కతో 'మెహిటబెల్ బ్రాక్‌వే ఇక్కడ ఆగింది' అని రాసుకున్నాడు. "బిడ్డ పేరు?"

ఆ పేరు ముసలాయనకి తెలీదు, కూతురికైనా తెలిసుంటుందని ఆశపడి వచ్చాడు. తిరిగొచ్చిన ఆ సాయంత్రం ఆవిడ అన్న మాట బాగా గుర్తుంది. "బిడ్డకి పేరు పెట్టాను" అంది. ఆయన మొహం తిప్పుకుని "వాన వచ్చేలా ఉంది, ఉప్పు మీద గుడ్డ కప్పు" అన్నాడు.

"అమ్మా లొవీనా, మీ అమ్మ నీకేమన్నా చెప్పిందా?"

లొవీనా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "చిన్నప్పుడోసారి మాకో అన్న ఉండేవాడంది. పేరేంటని అడిగా. 'మీ నాన్న అడగనీ, ఇద్దరికీ కలిపి చెబుతా' అంది."

ఆవిడ పోయి పదకొండేళ్లయింది. అంతకు ముందు నలభై ఏళ్లు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఆయన కళ్లు తుడుచుకోలేదు, ఆ ఓపిక కూడా లేదు.

"ఒక వరస ఖాళీగా వదలమంటారా?" మెల్లిగా అడిగాడు టోబియాస్.

"వదులు."

లొవీనా ఆయన రెక్క పట్టుకుని బండి ఎక్కించింది. టోబియాస్ రెండడుగులు వెనకాలే వచ్చాడు.

"ఆ ఖాళీ ఏంటని ఎవరన్నా అడిగితే ఏం చెప్పను పెద్దాయనా?"

"నేను అడగలేదని చెప్పు."