రాయి కడిగే ఆసిడ్

“బాత్రూం ఎట్ల తెల్లగయిందో చూసిరా పో,” అంది అత్తమ్మ, మొజంజాహి మార్కెట్ నుంచి కూరల సంచితో నేనింకా గడప దాటకముందే. “దగ్గరుండి చేయించిన. నువ్వు ఎన్నడన్న పోశవ్వకు గిట్ల చెప్పినవా?”

పోశవ్వ మా పనిమనిషి. వెళ్ళి చూశాను. టైల్స్ మీద నునుపు పోయింది. సుద్ద పూసినట్టు పాలిపోయి ఉన్నాయి. బకెట్ పక్కన తెల్ల ప్లాస్టిక్ సీసా, మూత లేకుండా.

“ఈ సీసా ఎవరు తీశారత్తమ్మా?”

“నేనే ఇచ్చిన. నీ రాళ్ళ డబ్బా కాడ ఉండె. బాత్రూం ఆసిడే గదా?”

“మీరు ముట్టుకున్నారా? పోశవ్వ చేతులకి గ్లవ్స్ వేసుకుందా?”

“మూత గూడ అదే తీసింది. దానికి గ్లవ్సులేంది, రోజూ చేసే పనే గదా. ఎప్పుడో పోయింది.”

అది హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్. గాజు సీసాలో పోస్తే గాజునే తినేస్తుంది, అందుకే ప్లాస్టిక్. రాయిని కూడా తింటుంది. మాకు కావలసింది అదే. వికారాబాద్ అవతల చేలల్లో దొరికే నల్ల చెకుముకి రాళ్ళు ఒకప్పుడు మంచినీటి సరస్సు అడుగు. కోట్ల ఏళ్ళ కిందట రెండు లావా పొంగుల మధ్య ఎప్పుడో ఆ సరస్సు నిలబడింది. అందులో బతికిన నీటి ఫెర్నులు, తుంగ, గోరంత నత్తలు, చేప పొలుసులు ఆ రాయిలో ఉన్నవి ఉన్నట్టుగా ఉండిపోయాయి. రాయిని కోసి, ఆ కోసిన వైపుని కాసేపు ఆసిడ్‌లో ఉంచితే రాయి కరిగి ఆకు కణాల గోడలు మాత్రం పైకి తేలతాయి. కడిగి, ఆరబెట్టి, పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి ఒలిస్తే ఆకు ఆ పొరతో వచ్చేస్తుంది. మొదటిసారి మైక్రోస్కోపులో ఒక ఫెర్ను సిద్ధబీజాన్ని చూసినప్పుడు ఏడ్చాను. ఇప్పటికీ నాకు అంత ఇష్టమైన పని ఇంకోటి లేదు.

పరిశోధన మాత్రం మా ఆయనది. సుశాంత్, నేను ఎమ్మెస్సీలో ఒకే బెంచి. ఇప్పుడతను నాంపల్లిలో ఒక కాలేజీ లెక్చరర్, నేను అతని ఇంట్లో మనిషిని. కాలేజీ ల్యాబులో గాలి బయటికి లాగే ఫ్యాన్ పాడైందని ప్రిన్సిపాల్ ఆసిడ్ పని ఆపించేస్తే, సీసా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అప్పట్నుంచి గిన్నెలు తోమే బాల్కనీలోనే నేను రాళ్ళు కడుగుతున్నాను. “ఇంట్ల ఉండేదానివే గదా, టైంపాస్ అయితది,” అన్నాడు. రీసెర్చ్ పేపర్లో నా పేరు పెట్టమంటే, “ఇంట్ల చేసినదాన్ని రీసెర్చ్ అనరు అలేఖ్యా,” అన్నాడు. సీసా మీద కాలేజీ లేబుల్ ఉంటే ఎవరైనా చూస్తారని పీకేశాడు. నేను ఎర్ర ఇంకుతో ప్రమాదం అని రాసి అంటిస్తే, మా పాప హాసిని భయపడుతుందని అదీ పీకేశాడు. పాపకేం భయం లేదు, భయపడేది అతనే. నేనూ ఊరుకున్నాను. ఒక్క మాట అంటే పది మాటలు వస్తాయి, ఆ పది మాటలు పడే ఓపిక ఉండదు నాకు.

ఈ ఆసిడ్ చర్మం మీద పడితే వెంటనే మండదు. అదీ దీని మాయదారితనం. నీళ్ళు కలిపి పల్చన చేసిందైతే గంటల తరబడి ఏమీ తెలీదు. లోలోపల ఎముక దాకా పోతుంది. నొప్పి మొదలయ్యేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

బాత్రూం తలుపు మూసి, హాసిని బడి నుంచి వచ్చినా అటు పోనివ్వద్దని అత్తమ్మకి చెప్పాను. ఫ్రిజ్‌లోంచి ఈ ఆసిడ్‌కి విరుగుడైన కాల్షియం జెల్ ట్యూబు తీసుకున్నాను. సుశాంత్‌తో పోరు పెట్టి తెప్పించుకున్న ట్యూబు అది. మొహానికి రాసుకునే క్రీమంటూ అత్తమ్మ ఆడపడుచుకి చూపించి నవ్వింది కూడా. పోశవ్వకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పనిలో ఉంటే ఫోన్ సంచిలో ఉంటుంది. మా తర్వాత ఆమె వెళ్ళేది చిరాగ్ అలీ లేన్‌లో ఒక లాడ్జికి. ఆటో ఎక్కాను.

నాంపల్లి స్టేషన్ దగ్గర మెట్రో స్తంభాల కింద ఆటో కదలదు. సుశాంత్‌కి ఫోన్ చేసి చెప్పాను.

“దవాఖానకు తీస్కపోతే బాత్రూం ఆసిడ్ అని చెప్పు,” అన్నాడు.

“అలా చెబితే నీళ్ళతో కడిగి పంపించేస్తారు. ఆమె వేళ్ళు పోతాయి.”

“ఏం కాదు. అసలు పేరు చెప్తే పోలీసులు వస్తరు. అది కాలేజీ సీసా. నా నౌకరి పోతది, మనం రోడ్డున పడ్తం. జర దిమాక్ పెట్టు.”

నిజమే కదా అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను కానీ అప్పుడు అలాగే అనుకున్నాను. కేసయితే అతన్ని ఒక్కడినే పట్టుకోరు, వాడింది నేను. హాసినిని బడి నుంచి ఎవరు తెస్తారు? ఆటో దిగేదాకా ఇదే భయం.

పోశవ్వ లాడ్జి మెట్ల మీద తడిగుడ్డతో వంగి ఉంది. నన్ను చూసి కంగారుపడింది.

“నేనేమన్న తప్పు చేసిన్నా అమ్మా?”

“తప్పు నీది కాదు. చేతులు చూపించు.”

కుడిచేతి మూడు వేళ్ళ కొసలు కొంచెం ఎర్రగా ఉన్నాయి, అంతే. కుళాయి కింద పెట్టి కడిగి, నా చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని జెల్ పట్టించాను.

“నొప్పేం లేదు. జర చుర్రుమంటున్నది. గీమాత్రానికి ఇంత పరేషాన్ ఏంది?”

“అది బాత్రూం ఆసిడ్ కాదు పోశవ్వా. రాళ్ళు కరిగించేది.”

“రాళ్ళా?” అని తన వేళ్ళకేసి చూసుకుంది. గుడ్డ అక్కడే వదిలేసి నా వెంట వచ్చింది.

దగ్గర్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడికి చేరేసరికి నొప్పి మొదలైంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి పళ్ళు బిగబట్టి నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. చిన్న వయసు డాక్టరమ్మ వేళ్ళు చూసి, “ఏం ఆసిడ్? బాత్రూందేనా?” అంది.

ఔనంటే చాలు, ఇంటికి పోవచ్చు.

“కాదండీ. హైడ్రోఫ్లోరిక్.” సీసాలో ఆసిడ్, నీళ్ళు ఎంత పాళ్ళో చెప్పాను, జెల్ ఎప్పుడు రాశానో చెప్పాను.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. నర్సుని కేకేసి కాల్షియం ఇంజెక్షన్లు తెమ్మంది, గుండె చూసే మిషను పెట్టమంది. వేళ్ళల్లోకి సూది దిగుతుంటే పోశవ్వ నా పేరు పెట్టి పిలిచింది. మొదటిసారి. తర్వాత డాక్టరమ్మ నావైపు తిరిగి, “అలాంటిది ఇంట్లో ఎందుకుంది? పోలీసులకి చెప్పాల్సి ఉంటుంది,” అంది. దాచకుండా అన్నీ చెప్పాను. రాసుకుంది.

బయట వరండాలో నిలబడ్డాక ఫోన్ మోగింది. సుశాంత్. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

“అలేఖ్యా, సీసా తీసిచ్చింది తనేనని అమ్మ చెప్పింది. సరే, ఆసిడ్ పేరు చెప్తే చెప్పు. కానీ నన్ను మధ్యల తేకు. ఆ రాళ్ళ పనంతా నీదే అని చెప్పు. కోసేది, కడిగేది, పొరలు తీసేది, అన్నీ నువ్వే గదా. అబద్ధమేం కాదు గదా.”

భయం తగ్గలేదు. కానీ ఇన్నేళ్ళలో ఈ మాట అతని నోటి నుంచి వినడం ఇదే మొదలు.

“చెప్పాను సుశాంత్,” అన్నాను. “పని నాదని చెప్పాను. సీసా నీదని కూడా చెప్పాను.”