పేరు రాయక్కర్లేదు

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చార్టును ఆ ఇంట్లో అందరూ చదివారు. పాటించినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మెకానిక్‌కు అరికాలి మంట నెత్తికెక్కడానికి అదొక్కటీ చాలు.

మెకానిక్ అంటే ఆ ఇంటి కోడలే. బట్టలు కుట్టే కార్ఖానాలో నలభై మిషన్లకు ఆమే వైద్యురాలు. పెళ్లయిన కొత్తలో మామగారు ముద్దుగా పిలిచిన ఆ పేరే ఇంట్లో స్థిరపడిపోయింది. కుట్టు తప్పుతున్న మిషన్ ముందు కూర్చుంటే ఆమెది ఒకటే పద్ధతి. సూది మారిస్తే సూది ఒక్కటే మార్చాలి, కుట్టి చూడాలి. ఆ తర్వాతే దారం బిగువు జోలికి వెళ్లాలి. రెండూ ఒకేసారి ముట్టుకుంటే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైనా ఎందుకు పాడైందో తెలియదు.

ఏడో నెల నడుస్తున్న కూతురికి తిండి అలవాటు చేయడానికి డాక్టరమ్మ చెప్పిన పద్ధతి కూడా అచ్చం ఇదే. కొత్తది ఏదైనా ఒకసారికి ఒకటే, అదీ కొంచెం. మూడు రోజులు చూడాలి. దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు లాంటివి లేకపోతే ఇంకొకటి మొదలుపెట్టాలి. గుడ్డూ వేరుశెనగా లాంటివి భయపడి ఏళ్ల తరబడి ఆపక్కర్లేదు గానీ, అవీ వరసలోనే రావాలి. మెకానిక్ స్కేలు పెట్టి గళ్లు గీసింది. జావ, పప్పుకట్టు, క్యారెట్, అరటిపండు, యాపిల్, బీట్‌రూట్, బంగాళాదుంప, చిలగడదుంప, ఆ తర్వాత గుడ్డు, అలా రెండు నెలలకు సరిపడా.

ఇంట్లో మిగిలిన ముగ్గురికీ ఆ గళ్లంటే లెక్కలేదు. ఎవరు ఏం తింటున్నా పాప పిట్టపిల్లలా నోరు తెరిచేది. అందుకే దానికి పిచ్చుక అని పేరు పడింది. "మేం ఇద్దర్ని పెంచాం. గళ్లు గీసి పెంచలేదు" అనేది అత్తగారు. "ఇంతకేమవుతుందిలే" అనేవాడు సరుకుల వ్యాన్ నడిపే భర్త. మామగారు పేపరు అడ్డం పెట్టుకునేవారు. మెకానిక్‌కు ఆ పేపరంటేనే ఎక్కువ అనుమానం. చిలక్కి చెప్పినట్టు వారం రోజులు చెప్పింది. తర్వాత రెండు వారాలు అరిచి చెప్పింది.

బంగాళాదుంప రెండో రోజు ఉదయం, పొయ్యి దగ్గర నిలబడి ఆమె ఉడికించిన గుడ్డు తింటోంది. చంకలో పిచ్చుక. నా సాక్సులేవీ అని ఒక గదిలోంచి, పాల వడకట్టు ఎక్కడ పెట్టావమ్మాయ్ అని ఇంకో గదిలోంచి. పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుని లాగి నోరు తెరిచింది. గుడ్డు వంతు వచ్చే వారం. ఆ సంగతి రాసిన చార్టు మూరెడు దూరంలోనే ఉంది. ఆమె గోరంత తెల్లసొన తుంచి ఆ నోట్లో పెట్టింది. ఇంతకేమవుతుందిలే అనుకుంది.

అరగంటలో పిచ్చుక పెదవులు ఉబ్బాయి. బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఒక వాంతి అయింది. నలుగురూ రెండు వీధుల అవతలున్న క్లినిక్‌కు పరిగెత్తారు. డాక్టరమ్మ మందు చుక్కలు వేసి, ఊపిరి చూసి, రెండు గంటలు కళ్ల ముందే ఉంచుకుంది. వాపు దిగింది. పిచ్చుక ఆమె మెడలోని స్టెతస్కోపు పట్టుకుని నవ్వింది.

"కొత్తగా ఏం పెట్టారు?" అంది డాక్టరమ్మ.

చెప్పాలనే అనుకుంది మెకానిక్. పక్కన అత్తగారు, వెనక భర్త, గుమ్మంలో మామగారు. మూడు వారాలుగా ఆ ముగ్గుర్నీ నిలదీసిన నోరు అది. గోరంత ముక్కకు ఇంత జరుగుతుందా, ఈ అత్తయ్యే ఏదో పెట్టి ఉంటుంది, అని మనసు ఒక దారి చూపించింది.

"బంగాళాదుంప" అంది.

మెకానిక్ తన ఫోనులో చూపించిన చార్టు ఫొటోను డాక్టరమ్మ చూసింది. "ఇది మీరు పెట్టాలనుకున్న లిస్టు. నాకు కావాల్సింది పాప తిన్నది. బంగాళాదుంపకి ఇలా అవడం చాలా అరుదు. ఇంట్లో ఎవరేం పెట్టారో అంతా కనుక్కుని సాయంత్రం ఆరింటిలోగా ఫోన్ చేసి చెప్పండి. ఈసారి పెదవుల దగ్గర ఆగింది. తెలియక మళ్లీ అదే పెడితే ఇక్కడే ఆగుతుందని చెప్పలేను" అంది.

ఇంటికొచ్చాక మెకానిక్ గొంతు మూడో అంతస్తు నుంచి కిందకి వినిపించింది. ఎవరేం పెట్టారో చెప్పమంది. నేనేం పెట్టలేదంది అత్తగారు, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ. నేనసలు ఇంట్లో ఉంటేగా అన్నాడు భర్త. మామగారి పేపరు ఇంకొంచెం పైకి లేచింది. గుమ్మడికాయల దొంగ అంటే ముగ్గురూ భుజాలు తడుముకుంటున్నారు. నాలుగో భుజం తనదే. అది తలుచుకున్న కొద్దీ ఆమెకు కోపం పెరిగింది. కోపం పెరిగిన కొద్దీ ఇంకా గట్టిగా అరిచింది. అరిచిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. దొంగకు తేలు కుట్టిన బాధ అది. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. అత్తగారు ఎదురు చెప్పకుండా పాప బట్టలు ఉతుక్కుంది. అదొక్కటే వింత.

అయిదింటికి ఆమెకు కార్ఖానాలో గోడకు వేలాడే రేకు డబ్బా గుర్తొచ్చింది. మిషన్ ఆగితే కుట్టేవాళ్లంతా ఒకటే మాట, "నేనేం ముట్టుకోలేదక్కా, దానంతటదే ఆగింది." తిడితే ఏ మర తిప్పారో చచ్చినా చెప్పరు. అందుకని ఆమే ఆ డబ్బా పెట్టింది. ఏం తిప్పారో చీటీ రాసి వెయ్యండి, పేరు రాయక్కర్లేదు అంది. ఆ రోజు నుంచి సగం రిపేర్లు చీటీ చదవగానే తేలిపోతున్నాయి.

ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు చీటీలు చింపింది.

"ఎవరని అడగను. తిట్టను. ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో రాయండి చాలు."

"ఇంట్లో ఉన్నది నలుగురం. ఒకరి రాత ఒకరికి తెలియదా?" అన్నాడు భర్త.

"తెలిసినా తెలియనట్టే ఉండాలి. అదే రూలు."

"మూడు చీటీలు చాలుగా, నాలుగెందుకు?" అన్నారు మామగారు.

"నేనూ ఇంట్లో మనిషినే కదా మావయ్యా" అంది ఆమె. అత్తగారు తలెత్తి కోడల్ని ఒక్కసారి చూసి, పెన్ను అందుకుంది.

చదివే పని భర్తకు పడింది. మొదటి చీటీ తీశాడు. "పెరుగు. రోజూ ఒక చెంచా. పది రోజుల నుంచి. పిల్ల అడిగింది."

ఏడో నెల పిల్ల ఏ భాషలో అడిగిందో తెలుసుకోవాలని మెకానిక్‌కు నాలుక దురద పుట్టింది. కరుచుకుంది.

"బిస్కెట్. పాలలో నానబెట్టి. రోజూ వ్యాన్ కడిగేటప్పుడు, ఏడుపు ఆపడానికి." తన చీటీ తనే చదువుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి.

మూడోది ముత్యాల్లాంటి అక్షరాలు. "పీనట్ బటర్. చిటికెన వేలి కొసన. మొత్తం అయిదుసార్లు. డాక్టరు నన్ను కూడా తినొద్దన్నాడు, అది వేరే సంగతి."

"తిలా పాపం తలా పిడికెడు" అన్నారు మామగారు పేపరు వెనక నుంచి.

నాలుగోది విప్పి చదివాడు భర్త. "ఉడికించిన గుడ్డు. తెల్లసొన. గోరంత. ఈ రోజు పొద్దున."

చీటీ వైపు చూశాడు, ఫ్రిజ్ మీది చార్టు వైపు చూశాడు, మళ్లీ చీటీ చూశాడు. రెండింటి మీదా గుడ్డు అనే మాట ఒకే చేతి రాత. "ఇది..." అని నోరు తెరిచాడు.

"నోరు మూసుకోరా" అంది అత్తగారు. "పేరు అడక్కూడదని రూలు. అందరం ఒప్పుకున్నాం."

దెప్పుతుందని సిద్ధపడి కూర్చుంది మెకానిక్. మూడు వారాల తిట్లు వడ్డీతో తిరిగొస్తాయనుకుంది. వస్తే ఎలాగో తట్టుకునేది. ఆ ఒక్క మాటతో మాత్రం పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా సడలిపోయింది. కంచే చేను మేసిందన్న సిగ్గుతో ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అది నేనే అత్తయ్యా."

"తెలుసమ్మా. పిల్ల గౌను ఉతుకుతుంటే మడతలో తెల్లసొన పలుకు దొరికింది. నీ ప్లేటులో సగం గుడ్డు అలాగే ఉంది."

"మరి అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారు?"

"నా పెరుగు నా కడుపులో ఉందిగా, నోరెలా లేస్తుంది? ఆరింటిదాకా చూద్దామనుకున్నాను. నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేసేదాన్ని" అంది అత్తగారు. "ముందు డాక్టరమ్మకి చెప్పు, టైమవుతోంది."

ఆరింటికి పది నిమిషాల ముందు మెకానిక్ నాలుగూ చదివి వినిపించింది. నాలుగోది పెట్టింది తనేనని, పొద్దున దాచానని కూడా చెప్పింది. మర్నాడు డాక్టరమ్మ పాపకు చిన్న రక్తపరీక్ష చేసి, గుడ్డే అని తేల్చింది. తను చెప్పేదాకా ఏ రూపంలోనూ పెట్టొద్దంది. పెరుగూ, బిస్కెట్లోని గోధుమా, వేరుశెనగా అన్నీ ఆపకుండా పెట్టమంది. వాటి పరీక్ష మీ ఇంట్లోవాళ్లే చేసేశారు, నాకు పని మిగల్చలేదు అంది. ఇంత అడ్డదిడ్డంగా నడిచిన వ్యవహారం సవ్యంగా తేలినందుకు సంతోషించాలో, తల గోడకేసి కొట్టుకోవాలో మెకానిక్‌కు తెలియలేదు.

"అయితే పెరుగు చార్టులోకి ఎక్కిస్తావా?" అంది అత్తగారు ఇంటికొచ్చే దారిలో.

"ఎక్కిస్తాను."

"పది రోజుల కిందటి తేదీ వెయ్యి."

పళ్లు కొరుక్కుంటూనే వేసింది. చార్టుకు కొత్తగా ఒక వరస గీసి, పైన 'పెట్టింది ఎవరు' అని రాసింది. గుడ్డు గడిలో ఎర్ర సిరాతో 'వద్దు' అని రాసి, పక్క గడిలో 'అమ్మ' అని రాసింది. ఆ తర్వాత పెన్ను అత్తగారి చేతికిచ్చింది.