ముందు నడవాల్సిన జీపు

గృహప్రవేశం నాడే మొదలైంది ఈ గోలంతా. బావమరిది ఉమాశంకర్ కొత్త మేడ కట్టాడు. ఆ మేడ పోర్టికోలో అప్పలసూరి తన జీపు దర్జాగా తెచ్చి పెట్టాడు. పెట్టడా మరి? తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లన్నీ నేలమట్టమైనప్పుడు ఉమాశంకర్ పేరు చెప్పి ఊరూరా బియ్యం మోసింది ఆ జీపే. ఎన్నికలొస్తే ఊరేగింపుకి ముందు నడిచిందీ అదే. ఉమాశంకర్ చెయ్యి ఊపుతూ నిలబడటం నేర్చుకున్నది ఆ జీపు మీదే.

భోజనాలయ్యాక జీపు వెనక్కి తీసేసరికి తెల్లటి పాలరాయి మీద అరచేయంత నూనె మరక! అత్తగారు కామేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ ఓలమ్మ, నిన్న కదా పాలిష్ పెట్టించినాం! అల్లుడుగారూ, ఇకమీదట మీ బండి రోడ్డు మీదే ఒగ్గేసి రండి బాబూ" అంది, వచ్చినవాళ్ళందరూ వినేలా.

అప్పలసూరికి తల తీసేసినట్టయింది. ఉమాశంకర్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "అమ్మ మాటలకేటి బావా. ఆ లీకేదో సూసుకో. ఎంపీటీసీకి నామినేషనేసీ రోజు ముందు నడిచీది నీ జీపే" అన్నాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాడు పిచ్చిమారాజు.

నామినేషను రేపనగా పలాస తీసుకెళ్తే, ఎన్నికల బళ్ళన్నీ వరసలో ఉన్నాయి, నామినేషన్లు అయ్యాక రా అన్నాడు మెకానిక్కు. అయ్యాక ఎవడిక్కావాలి? సీలు కొనుక్కుని ఇంటికొచ్చి, లుంగీ ఎగ్గట్టి, పెరట్లో తనే దూరాడు జీపు కిందకి. పక్కన పీట వేసుకుని భార్య సుప్రజ పానాలు అందిస్తోంది.

"తెలిసే సేత్తన్నావా మావా? నేకపోతే మా అమ్మ మీద కోపం బండి మీద తీరుత్తన్నావా?"

"మీ అమ్మ సంగతి రేపు సూద్దూగాని. ముందా పెద్ద పానా ఇలాగివ్వు."

చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు, జాకీ ఎత్తి కింద మొద్దులు ఆనించాడు, గేరాయిలు పాత బేసిన్లోకి వదిలాడు. వెనక చక్రాలకి పోయే పొడుగాటి షాఫ్టు విప్పేముందు అటూ ఇటూ సుద్దముక్కతో గీత గీసుకున్నాడు. మళ్ళీ ఆ గీతకే కూర్చోవాలి, లేకపోతే బండికి వణుకుడు పట్టుకుంటుంది. ఇంతా చేసి సీలంటే ఏమిటి? గాజంత రబ్బరు చుట్టు. గేర్‌బాక్సులోంచి షాఫ్టు బయటికొచ్చే చోట నూనెని ఆపేది అదే. పాతది ఎండిపోయి, స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తగానే అప్పడంలా విరిగింది.

"దీని మొకం మండా, దీనికా మీ అమ్మ నా పరువు తీసింది!" అన్నాడు లోపల్నుంచి.

కొత్త సీలుకి గ్రీజు రాసి, స్ప్రింగున్న వైపు లోపలికి పెట్టి, సుత్తితో ఒక్కటిచ్చాడు. సీలు ఓ పక్కకి ఒరిగింది. సుప్రజ తల వంచి చూసి గయ్‌మంది.

"ఒక్క పక్కే కొడితే ఎలాగెల్తాదీ? ఆ చెక్కముక్క అడ్డెట్టి నింపాదిగా సుట్టూ కొట్టు. తొందరేటి, నామినేషనేసీది నువ్వేటి?"

కసిరినా మాట బాగుంది. చెక్క అడ్డం పెట్టి చుట్టూ తట్టాడు. సీలు బుద్ధిగా కూర్చుంది. షాఫ్టు బిగించి, కొత్త ఆయిలు పోసి, ఊరంతా ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. సుప్రజ జీపు కింద అట్టముక్క పరిచింది.

తెల్లారగానే పళ్ళయినా తోముకోకుండా వెళ్ళి అట్టముక్క లాగి చూశాడు. పొడిగా ఉంది. "ఓలే సుప్రజా, సుక్క నేదే!" అని పెళ్ళినాటి కుర్రాడిలా గెంతాడు. సుప్రజ పట్టుచీర కట్టుకుంది, అన్నకి హారతివ్వడానికి పళ్ళెం సర్దుకుంది. జీపుకి పసుపురాసి బంతిపూల దండ వేసింది.

ఈసారి రోడ్డు మీద ఆపలేదు అప్పలసూరి. తిన్నగా బావమరిది గేట్లోకి పోనిచ్చాడు. పోర్టికోలో చోటు లేదు. అక్కడ నల్లటి కొత్త కారుంది, పూలతో, చక్రాల కింద నిమ్మకాయలతో. జీడిపప్పు వ్యాపారి శ్యాంసుందర్ కారది.

"వచ్చినావా బావా! లీకు పోయిందా?" ఉమాశంకర్ ఎదురొచ్చాడు.

"సుక్క కారదు. కావాలంటే వంగి సూడు."

"అయితే మంచిదయ్యింది. బిర్యానీ డేగిసాలు, నీళ్ళ పేకెట్లు నీ జీపులో ఎక్కించుకుని నింపాదిగా వెనకాల రా. ఇప్పుడింక ఆయిలు వాసనా రాదు కదా."

"ముందు నడిచీది..." అనబోయాడు అప్పలసూరి.

"ఫొటోలు తీత్తారు బావా. ముందర ఆ డొక్కు జీపుంటే ఏం బాగుంటాది? నీకు నాను సెప్పాలేటి, నువ్వు మనోడివి."

మనోడట! పరాయివాడితో అయితే కనీసం మొహమాటపడేవాడు. హారతి పళ్ళెం పట్టుకుని సుప్రజ అంతా విన్నది. పదిమందీ చూస్తున్నారు కాబట్టి హారతి ఇచ్చింది, అన్న మొహం మాత్రం చూడలేదు. పళ్ళెం అక్కడే పెట్టేసి వచ్చి, జీపులో డేగిసాల పక్కన ఎక్కి కూర్చుంది.

ముందు డప్పులు, బాణసంచా. వెనక దుమ్ము తింటూ జీపు. దారిలో సుమ్మాదేవి ఊరి దగ్గర టీకొట్టు ముందు నుంచి ఎవడో కేకేశాడు. "ఏటి సూరి మావా, ఈపాలి వెనకబడిపోనావు?" అప్పలసూరి నవ్వాడు. ఆ నవ్వు నవ్వడం కంటే వాణ్ణి దిగి కొట్టడం తేలిక.

నామినేషను వెయ్యాల్సిన మందస చేరాక కొత్త కారు చుట్టూ జనం మూగారు, ఫొటోలు తీసుకున్నారు. జీపు దూరంగా ఆపాడు. తెల్లచొక్కా కుర్రకారులో ఒకడు అరిచాడు. "డ్రైవరూ, గ్లాసులెక్కడెట్టినావు?"

"ఎవర్రా డ్రైవరు?" అని సుప్రజ లేవబోతే, అప్పలసూరి చెయ్యి పట్టుకుని ఆపాడు. గ్లాసుల కట్ట తనే అందించాడు.

వాడు వెళ్ళాక సుప్రజ దిగింది. పట్టుచీర మట్టిలో పడుతున్నా చూసుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుని జీపు కిందకి వంగి చూసింది.

"ఒక్క సుక్క నేదు మావా" అంది, ఏడుపు మింగుకుంటూ.

"అదేనే నా ఏడుపు" అన్నాడు అప్పలసూరి. "కారినన్నాళ్ళూ ఆ నూనె వల్లే నన్ను దూరం పెట్టినారనుకుని నిద్దరపోయినాను. ఇప్పుడు ఏటనుకుని పడుకోమంటావు?"