ముప్పయ్యొకటి పాసైంది

నాకు నోరెక్కువ. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. పెళ్లికి ముందే మా ఆయన కనిపెట్టాడట, అయినా చేసుకున్నాడు, అది ఆయన ఖర్మ. ఆఫీసులో మాత్రం ఈ నోరే పనికొచ్చింది.

మేం తయారుచేసేది మెడలో వేసుకునే లాకెట్లు. పెద్దవాళ్లు ఇంట్లో జారిపడితే లాకెట్ తనంతట తనే పసిగట్టి పిల్లలకి ఫోన్ చేస్తుంది. పోయినేడాది దాన్ని మనుషులకి వేసి పరీక్షించాం. ఎప్పుడు పడాలో, ఎలా పడాలో వాళ్లకి లాకెట్టే చెప్పాలి కాబట్టి ఒక గొంతు కావాల్సొచ్చింది. నా మాట స్పష్టంగా ఉంటుందని అందరూ కలిసి నన్ను ముందుకి తోశారు. "సిద్ధంగా ఉన్నారా? ఇప్పుడు పడండి" అని నేను చెబితే పాపం ఆ మనుషులు పరుపుల మీద దబ్బున పడేవాళ్లు.

ఇప్పుడు మనుషుల్లేరు. పక్క గదిలో గోడ పొడవునా అరవై కొక్కేలు, వాటికి అరవై లాకెట్లు. నేను నా కుర్చీలోంచి కదలకుండా నల్ల స్క్రీను మీద ఒక లైను కొడతాను: ఏ పరీక్ష, ఏ నంబరు మీద. అదొక జాబ్. ఎంటర్ నొక్కితే జాబ్ వెళ్లి వరసలో నిలబడుతుంది. వంతు రాగానే లాకెట్ మాట్లాడుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది, లాకెట్ కింద రబ్బరు షీటు మీద పడుతుంది, చిన్న మోటారు దాన్ని మళ్లీ పైకి లాగుతుంది. పడ్డానని లాకెట్ గుర్తుపడితే పాస్. లేకపోతే ఫెయిల్, కాసేపాగి అదే జాబ్ మళ్లీ వరసలోకి వస్తుంది. మనుషులు పోయారు కదా, ఇక ఆ మాటలెందుకని తీసేసే తీరిక ఎవరికీ లేదు. అందుకని మనిషన్నవాడు లేని ఆ గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరవై చోట్ల నుంచి నేనే పడండి, పడండి అంటుంటాను.

కొక్కేల సంగతి చూసే ఆవిడని అందరం స్క్రూడ్రైవర్ అంటాం. ఆవిడ ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతుంది. "నువ్వొక్కదానివి మాట్లాడితేనే తల వాచిపోతుంది, అరవై మందివి మాట్లాడితే మనిషి బతకాలా వద్దా" అంటుంది.

మా అత్తయ్య మాతోనే ఉంటుంది, మేడ మీద గదిలో. మామయ్య పోయి ఆరేళ్లయింది. మేమిద్దరం పనికెళ్లిపోతే పగలంతా ఆవిడొక్కతే. వేసవిలో ఒకసారి బాత్రూంలో జారింది. ఏమీ కాలేదు గానీ మా ఆయనకి బెంగ పట్టుకుంది. ముప్పయ్యొకటో నంబరు లాకెట్ పైన గీతలు పడి అమ్మకానికి పనికిరాకుండా పోయింది, మా మేనేజరు దాన్ని తీసుకెళ్లి మీ అత్తగారికి వేయమన్నాడు. లోపల సిమ్ ఉంది, బటన్ నొక్కితే నా ఫోన్ మోగుతుంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

బయటికెళ్లే లాకెట్‌ని లిస్టులోంచి తీసేయాలి. దానికి ఆ నల్ల స్క్రీను వెనకున్న మా టూల్‌కి తెలిసిన మాట ఒక్కటే, డెడ్. విరిగినా, కాలినా, ఎవరికైనా ఇచ్చేసినా అన్నీ డెడ్డే. ముప్పయ్యొకటి పక్కన ఆ మాట కొట్టబోయాను, చెయ్యి ఆగిపోయింది. సాయంత్రం ఒక పెద్దావిడ మెడలో వేయబోయే వస్తువు పక్కన ఆ దిక్కుమాలిన మాటేంటి? డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనే ఇంట్లో పెరిగినదాన్ని నేను. నాకు చేతులు రాలేదు. రెస్ట్ అని కొట్టాను. రెస్ట్ అంటే కొన్నాళ్లు దీనికి పని చెప్పొద్దని. రెస్టులో ఉన్నవాటన్నిటినీ ప్రతి సోమవారం లేపి పనిలోకి పంపే ఏర్పాటు ఎప్పుడో నేనే రాశాను. ఆ సంగతి ఆ నిమిషాన తలకెక్కలేదు.

ఆ కొక్కేనికి కొత్త లాకెట్, అదే నంబరు వేసి, తగిలించమని స్క్రూడ్రైవర్‌కి చెప్పాను. ఆవిడ సరేనంది. సోమవారం లిస్టులో ముప్పయ్యొకటి కనిపిస్తే తగిలించేసిందనుకున్నాను. గదిలోకెళ్లి చూసే పనేముంది, కుర్చీలోంచి లేవక్కర్లేదనేగా ఈ టూల్ పెట్టుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, నేను చెప్పులు విడుస్తుంటే అత్తయ్య మెట్ల పైనుంచి అడిగింది. "మధ్యాహ్నం పిలిచావామ్మా?"

"నేనెక్కడ పిలిచానత్తయ్యా? ఆఫీసులో చస్తుంటేను."

"నీ గొంతే."

"మీ చెవులకి నేనంటే అంత ప్రేమేంటో మరి" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండ్రోజులాగి మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు మా ఆయన నన్ను పక్కకి పిలిచి, అమ్మకి మతిమరుపు మొదలైనట్టుంది, డాక్టరుకి చూపిద్దామా అన్నాడు. చూద్దాంలే అన్నాను. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను, నిజం చెప్పొద్దూ.

ఆఫీసులో ముప్పయ్యొకటి నా ప్రాణం తీస్తోంది. మిగతా యాభై తొమ్మిదీ పాసవుతున్నాయి, ఇదొక్కటే ఫెయిల్. ఫెయిలవడం, మళ్లీ వరసలోకి రావడం, మళ్లీ ఫెయిలవడం. పడలేదు, పడలేదు అని, జరిగింది రాసిపెట్టే లాగ్ నిండా అదే మాట. కొత్తది కదా, అలవాటు పడాలేమో అని స్క్రీనుకే నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాను. ఇరవై రెండు ఫెయిళ్ల తర్వాత ఒక బుధవారం, పాస్. కూర్చున్నచోటే చప్పట్లు కొట్టాను. ముప్పయ్యొకటి పాసైందని అందరికీ వినపడేలా చెప్పాను. గురువారం పాస్. శుక్రవారం రెండుసార్లు పాస్.

ఆదివారం అన్నం వడ్డిస్తుంటే అత్తయ్య మోచేతి మీద నల్లటి మచ్చ కనిపించింది.

"ఏమైంది?"

"గుమ్మం తగిలిందమ్మా."

కూర్చునేటప్పుడు కూడా ఒక పక్కకి ఒరిగి, బల్ల పట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. "ఆ లాకెట్ మెడలో ఎందుకుంది, అలంకారానికా? పడితే పడ్డానని చెప్పొచ్చుగా."

"పడితే నీకు తెలుస్తుంది కదమ్మా" అంది. అని ఊరుకోకుండా, నేనింకా ఏదో చెప్పాల్సింది మిగిలిపోయినట్టు నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. కూర గిన్నె మా ఆయన ముందుకి తోసి లేచిపోయాను.

సోమవారం పొద్దున పదింటికి చివరి పరీక్ష పెట్టాను. మెట్ల పరీక్ష, అరవైకీ కలిపి ఒకే లైను. ఎంటర్ నొక్కి కాఫీ తెచ్చుకుని కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ చేతిలో అట్టపెట్టెతో వచ్చింది.

"కొత్త లాకెట్లు ఇప్పుడే దిగాయి. ముప్పయ్యొకటికి తగిలించెయ్యనా?"

"ఇంకా తగిలించలేదా?"

"ఏం తగిలించను, నా తలకాయా? నెల్నుంచి ఖాళీగానే ఉందిగా ఆ కొక్కెం."

"పాసైంది కదా" అన్నాను.

"ఏది?"

నేను లేచి ఆ గదిలోకి వెళ్లాను. యాభై తొమ్మిది లాకెట్లు. ముప్పై తర్వాత ఒక వట్టి కొక్కెం, నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ అన్నివైపుల నుంచీ నా గొంతు, ఒకదాని వెనక ఒకటి, మెట్ల దగ్గరికి రండి, మెట్ల దగ్గరికి రండి అంటోంది. కొక్కెం ఖాళీ అయితే లిస్టులో ఉన్న ముప్పయ్యొకటి ఎక్కడుందో, లోపలి సిమ్ మీదుగా నా జాబ్‌లు ఎక్కడికి వెళ్తున్నాయో నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా కాదులే, కాదులే అనుకుంటూనే నా కుర్చీ దాకా వచ్చాను.

బుధవారం నాటి లాగ్ తెరిచాను. పడండి అని చెప్పాక పడటానికి మిగతా లాకెట్లన్నిటికీ అర సెకను పట్టింది. ముప్పయ్యొకటికి నలభై సెకన్లు. పరీక్షలో పడితే ఫోన్ మోగదు, లాగ్‌లో రాసుకుని ఊరుకుంటుంది. చుట్టూ వినిపించిన చప్పుడు మాత్రం దాచిపెడుతుంది. ఇన్నాళ్లలో ఏ ఒక్క లాకెట్‌దీ నేను వినలేదు, రబ్బరు షీటు చప్పుడు ఏం వింటాం. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ముందు నా గొంతు. సిద్ధంగా ఉన్నారా? ఇప్పుడు పడండి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మంచం కిర్రుమంది. గాజులు కదిలాయి. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చుకున్నారు. ధన్‌మని పెద్ద చప్పుడు, సన్నగా ఒక మూలుగు. తర్వాత, చాలా దగ్గరగా, నా చెవిలోనే అన్నట్టు, అత్తయ్య.

"పడ్డానమ్మా. సరిపోయిందా?"

ఇయర్‌ఫోన్లు లాగి పారేశాను. జాబ్‌ల లిస్టు అడిగాను. మెట్ల పరీక్ష, ముప్పయ్యొకటి, నడుస్తోంది. నేను చూస్తుండగానే లైన్లు పడుతున్నాయి. మెట్ల దగ్గరికి రండి: పద్నాలుగు అడుగులు. మంచం నుంచి మెట్ల దాకా ఎన్ని అడుగులో ఆ ఇంట్లో ఉంటూ నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. పై మెట్టు మీద నిలబడండి: నిలబడ్డారు. తర్వాతది రెయిలింగ్ వదిలేయమనడం. ఆ తర్వాతది ఏమిటో నాకు తెలుసు, చెప్పింది నేనే కదా. పోయినేడాది ఆ మాట చెప్పినప్పుడు ఎదురుగా ఉన్నవి మూడు చెక్క మెట్లు, కింద పరుపు. మా ఇంట్లో పదిహేడు, కింద గచ్చు.

క్యాన్సిల్ అని కొట్టాను. నడుస్తున్న స్టెప్ పూర్తయ్యాక ఆపుతాను అంది టూల్. మళ్లీ కొట్టాను. అదే జవాబు, అంతే మర్యాదగా. స్క్రూడ్రైవర్ నా భుజం పట్టుకుని ఏంటే, ఏమైందే అంటోంది. ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. మోగుతోంది, ఎత్తట్లేదు. మెట్ల దగ్గరున్న మనిషి ఫోన్ ఎలా ఎత్తుతుంది?

నడుస్తున్న జాబ్‌ని మధ్యలో తెంచేది ఒకే ఒక్క మాట. ముప్పయ్యొకటి అని కొట్టాను, పక్కన డెడ్ అని కొట్టాను. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి ఎంటర్ నొక్కాను. లిస్టులోంచి ఆ లైను మాయమైంది. ముప్పై తర్వాత ముప్పై రెండు. రెయిలింగ్ వదిలారో లేదో, నా గొంతు ఆఖరి మాట చెప్పేసిందో లేదో, ఇక తెలుసుకునే దారి లేదు.

స్కూటరు మీద ఇంటికి పన్నెండు నిమిషాలు. దారంతా ఏ దేవుడికి ఏం మొక్కుకున్నానో గుర్తులేదు. తాళం తీసి లోపలికి అడుగుపెట్టాను. గచ్చు మీద ఎవరూ లేరు. తల పైకెత్తాను.

అత్తయ్య పై మెట్టు అంచున నిలబడి ఉంది. రెండు చేతులూ ఒంటికి ఆనించి, రెయిలింగ్ వదిలేసి. కళ్లు మూసుకుంది. తల కిందికి వంచి, గుండెల మీద లాకెట్ వైపు చెవి పెట్టి వింటోంది. పన్నెండు నిమిషాల నుంచి అలాగే నిలబడి ఉందన్నమాట.

అరవబోయాను. అరిస్తే ఉలిక్కిపడుతుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఒక్కొక్క మెట్టూ చప్పుడు లేకుండా ఎక్కాను. రెండు మెట్ల కింద ఆగి, చేతులు చాచి, నాకే వినపడీ వినపడనంత మెల్లగా అన్నాను. "కూర్చోండత్తయ్యా."

వెంటనే కూర్చుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది చూస్తే నాకు అంతకుముందు కన్నా ఎక్కువ భయమేసింది. కళ్లు తెరిచి నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"వచ్చేశావా? ఇవాళ మధ్యలోనే ఆపేశావేమ్మా?"

ఆవిడ కాళ్లు రెండూ పట్టుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. "అది నేను కాదత్తయ్యా. మిషను. ఎప్పుడో రికార్డు చేసిన మాటలు, ఎవరికోసమో చెప్పినవి. తప్పంతా నాది."

"నువ్వు కాదని తెలుసమ్మా" అంది. "మొదటి రోజు నువ్వే అనుకుని అడిగాను. మొదటిసారి పడ్డరోజే తెలిసిపోయింది."

"తెలిసీ మళ్లీ ఎందుకు పడ్డారు?"

ఆవిడ మోచెయ్యి రుద్దుకుంది. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టుంది.

"పడ్డాక అంటుంది కదా, 'చాలా బాగా చేశారు, ఇక కాసేపు పడుకోండి' అని. నువ్వు నాతో అంత మెత్తగా ఎప్పుడు మాట్లాడావు? అందుకే నువ్వు కాదని తెలిసింది. కానీ గొంతు నీదే కదా. రోజుకొక్కసారి వింటే బాగుండేది."

ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. ఏదైనా అనాలి, ఇప్పుడే అనాలి అని నోరు తెరిచాను. అత్తయ్య నా వైపు చూడటం లేదు. లాకెట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, అది మళ్లీ ఎప్పుడు మాట్లాడుతుందా అని వింటోంది.